ముక్కామల మనిషి, కొడైకెనాల్ సూర్యుడు

ఉప్పాడ అలల్లో సూర్యుడి వాటా

అమావాస్యకీ పౌర్ణమికీ ఉప్పాడలో సముద్రం రోడ్డెక్కుతుంది. రాళ్లు పోసినా, జియోట్యూబులు వేసినా ఆ రెండు తిథులకీ పోటు పోటే. తుపాను గాలి కూడా తోడైతే కాకినాడ బస్సు ఆ రోజుకి పిఠాపురం మీదుగా తిరిగి రావాల్సిందే. "చంద్రుడి పని" అంటారు అందరూ. అది సగం మాటే. సముద్రాన్ని లాగేవాళ్లు ఇద్దరు. సూర్యుడి బరువు చంద్రుడి బరువుకి దాదాపు 2.7 కోట్ల రెట్లు. కానీ ఆయన ఉన్న దూరం సుమారు 390 రెట్లు. పోటు బలం దూరం పెరిగేకొద్దీ ఘనం లెక్కన పడిపోతుంది కాబట్టి, అంత లావు సూర్యుడూ చంద్రుడిలో సగం కన్నా కొంచెం తక్కువే లాగగలుగుతున్నాడు. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరసలో నిలబడి లాగుతారు. అష్టమికి అడ్డంగా నిలబడి ఒకరి లాగుడిని ఒకరు తగ్గించుకుంటారు. అందుకే అష్టమి రోజుల్లో మా ఒడ్డున పోటు తక్కువ.

ఆ సూర్యుణ్ని రోజూ చూసి, ఫొటో తీసి, లెక్క రాసి పెట్టే జాతీయ సంస్థకి మన గోదావరి మనిషి ఒకాయన తొమ్మిదేళ్లు పెద్దగా ఉన్నారు. తెల్లవాళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. పేరు అప్పద్వేదుల లక్ష్మీనారాయణ. సైన్సు పత్రికల్లో ఎ.ఎల్. నారాయణ్. ఆయన దగ్గరకి వచ్చే ముందు నాలుగు ముచ్చట్లు చెప్పుకుందాం.

కరువు కట్టించిన అబ్జర్వేటరీ

కొడైకెనాల్ కొండ మీద సూర్యుణ్ని చూసే కేంద్రం ఎందుకు పెట్టారో తెలుసా? వానల కోసం. 1876–78 కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో జనం లక్షల్లో పోయారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కాబట్టి గోదావరి డెల్టాకి ఆ దెబ్బ అంతగా తగల్లేదు. తర్వాత వేసిన కరువు కమిషన్ చేసిన సిఫార్సుల్లో ఒకటి మాత్రం ఆకాశం వైపు చూసింది. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి కదా, వానలకీ వాటికీ సంబంధం ఉందేమో, సూర్యుణ్ని రోజూ గమనించండి అని దాని సారాంశం.

మిచీ స్మిత్ అనే ఆయన పళని కొండలూ నీలగిరులూ తిరిగి చోటు వెతికారు. 1895లో శంకుస్థాపన జరిగింది. 1899 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు అబ్జర్వేటరీ పని సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొడైకెనాల్‌లో సాగింది. మచ్చల్ని చూసి రుతుపవనాలు చెప్పే విద్య ఇప్పటిదాకా ఎవరికీ పట్టుబడలేదు. అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోయినా, ఆ ప్రశ్న పేరు మీద మొదలైన రికార్డు మాత్రం శతాబ్దానికి పైగా సాగింది. సర్కారు ఖర్చుల్లో ఇంతగా కలిసొచ్చినవి తక్కువ.

గుంటూరులో ఏం కనిపించింది?

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ దక్కన్ మీదుగా వచ్చి గుంటూరు, బందరు దాటి బంగాళాఖాతంలోకి దిగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్, ఇంగ్లీషు సైన్యానికి చెందిన మేజర్ టెన్నెంట్ బృందం గుంటూరులో మకాం వేశారు. మద్రాసు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ బందరులో. తమిళ ఖగోళవేత్త చింతామణి రఘునాథాచారి వనపర్తిలో. తెలుగునేల మొత్తం ఒక్క ఉదయానికి ప్రయోగశాలైపోయింది.

"హీలియం గుంటూరులో పుట్టింది" అని మనవాళ్లు గర్వంగా చెప్పేస్తుంటారు. కొంచెం తగ్గించుకోవాలి. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని జాన్సెన్ వర్ణపట దర్శినిలో చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చుగా అని ఆయనకి అక్కడే తట్టింది. మర్నాడు 19న అదే గుంటూరులో మామూలు ఎండలో చూశాడు కూడా. అసలు ఘనకార్యం ఇది. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో లాక్యర్ కూడా విడిగా అదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఆ వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చి హీలియం అని పేరు పెట్టింది లాక్యర్. 1895లో రామ్సే దాన్ని ఒక యురేనియం ఖనిజంలో పట్టుకునేదాకా చాలామంది నమ్మలేదు. సూర్యుడిలో ముందు దొరికి, భూమ్మీద 27 ఏళ్లకి దొరికిన మూలకం అదొక్కటే.

చిటికెడు ఉప్పు

గీతలు, గీతలు అంటున్నాం కదా, మీ వంటింట్లోనే ఒకటి చూడొచ్చు. గ్యాసు పొయ్యి నీలంగా మండుతుండగా దాని మీద చిటికెడు ఉప్పు చల్లండి. మంట ఒక్కసారిగా పసుపెక్కుతుంది. అది ఉప్పులో ఉన్న సోడియం రంగు. వేడెక్కిన సోడియం ఎక్కడున్నా, ఉప్పాడ పొయ్యి మీదైనా నక్షత్రం మీదైనా, సరిగ్గా ఆ పసుపే వెలిగిస్తుంది. 589 నానోమీటర్లు. గుంటూరు గ్రహణంలో కనిపించిన హీలియం గీత 587.6 దగ్గర ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉండబట్టే మొదట్లో దాన్ని సోడియమే అనుకున్నవాళ్లున్నారు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. చల్లటి సోడియం ఆవిరి గుండా తెల్లటి కాంతిని పంపితే, సరిగ్గా ఆ పసుపునే మింగేసి మిగతా రంగుల్ని వదిలేస్తుంది. వర్ణపటంలో ఆ చోట నల్లగీత పడుతుంది. సూర్యుడి కాంతిలో ఇలాంటి నల్లగీతలు వేలల్లో ఉన్నాయి. ఏ గీత ఏ పదార్థానిదో తెలియాలంటే ముందు భూమ్మీద, ప్రయోగశాలలో ఒక్కొక్క లోహాన్నీ ఆవిరి చేసి అది ఏ రంగు మింగుతుందో రాసి పెట్టుకోవాలి. మన లక్ష్మీనారాయణ గారు చేసింది ఆ పనే. కొడైకెనాల్‌లో కాదు, విజయనగరంలో.

విశాఖ జమీందారు దుర్భిణి

అక్కడికి వెళ్లే దారిలో విశాఖపట్నంలో ఒకసారి దిగుదాం. తెలుగునాట సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టుకున్న జమీందారు గోడే వెంకట జగ్గారావు. 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లోని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆయన 1856లో పోతే, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు సర్కారు ఉద్యోగం వదులుకుని ఎస్టేటూ అబ్జర్వేటరీ రెండూ చూసుకున్నారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటి వెళ్లినప్పుడు విశాఖ నుంచి గమనించి, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి లెక్కలు పంపారు.

అలాంటి శుక్ర సంక్రమణం మన తరానికి రెండుసార్లు దక్కింది, 2004లో, 2012లో. 2012 జూన్ 6న తూర్పు తీరంలో సూర్యుడు ఉదయిస్తూనే శుక్రుణ్ని మోసుకొచ్చాడు. మళ్లీ చూడాలంటే 2117 డిసెంబరు దాకా ఆగాలి.

ముక్కామల నుంచి

ముక్కామల ఇప్పుడు కోనసీమ జిల్లా అంబాజీపేట మండలంలో ఉంది. అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్. ఉప్పాడ నుంచి వెళ్లాలంటే కాకినాడ, యానాం, అమలాపురం. లక్ష్మీనారాయణ గారు 1887లో ఆ ఊళ్లో పుట్టారు. కరెంటు దీపం చూడని ఊరి నుంచి కాంతి శాస్త్రంలోకి వెళ్లిన మనిషి. భౌతికశాస్త్రం చదివి విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకులయ్యారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి డీఎస్సీ సంపాదించారు.

విజయనగరం అంటే మనకి గురజాడ గుర్తొస్తారు. ఆయన పాఠాలు చెప్పిందీ ఇదే కాలేజీలో. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ఊరు చిన్నది, విద్యలు పెద్దవి. సాహిత్యానికీ సంగీతానికీ దొరికిన కీర్తిలో భౌతికశాస్త్రానికి వీసమెత్తు కూడా దక్కలేదు. ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఎందుకంటే 1920ల్లో ఆ కాలేజీ ప్రయోగశాల నుంచి వెళ్లిన వ్యాసాలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

అక్కడ వాళ్లు పట్టుకున్న లోహాల్లో థాలియం ఒకటి. మెత్తటి లోహం, ఒంట్లోకి వెళితే విషం. 304 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకన్నా చాలా ఎక్కువ వేడి మీద ఆవిరవుతుంది. ఆవిరి నింపిన గొట్టం ఒక చివర నుంచి తెల్లటి కాంతి పంపడం, రెండో చివర వర్ణపటాన్ని గాజు పలక మీద ఫొటో తీయడం, పలక కడిగి ఆరబెట్టి ఎక్కడెక్కడ గీతలు మాయమయ్యాయో సూక్ష్మదర్శిని కింద కొలవడం – పద్ధతి ఇది. వేడి చాలకపోతే గీత పడదు. ఎక్కువైతే గీత వెడల్పై చెడిపోతుంది. ఇదంతా చిన్న ఊళ్లోని ఒక జమీందారీ కాలేజీలో, పాఠాలు చెప్పుకోగా మిగిలిన వేళల్లో.

శిష్యుడు పెట్టిన బడి

విజయనగరంలో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లలో కె. రంగధామరావు గారు ఒకరు. బరంపురంలో 1898లో పుట్టారు. తర్వాత లండన్ వెళ్లి ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పరిశోధన చేశారు. ఈ ఫౌలర్ ఎవరనుకున్నారు? హీలియంకి పేరు పెట్టిన లాక్యర్ దగ్గర పని నేర్చుకున్నవాడే. గుంటూరు గ్రహణపు గీత తిరిగి తిరిగి మన దగ్గరకే వచ్చింది.

రంగధామరావు గారు వెనక్కొచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర శాఖని నిలబెట్టారు. వాల్తేరు కొండ మీద వర్ణపట శాస్త్రం ఎంత పెరిగిందంటే, దాని పేరు చెబితే దేశంలో ఆంధ్రా యూనివర్సిటీ గుర్తొచ్చే రోజులుండేవి. అక్కడ చదువుకుని వచ్చి గోదావరి జిల్లాల కాలేజీల్లో ఫిజిక్సు చెప్పిన మాస్టార్లు ఎందరో. మీకు పాఠం చెప్పిన మాస్టారి గురుపరంపర వెనక్కి తవ్వితే ముక్కామల తగిలే అవకాశం బాగానే ఉంది.

1937లో ఆ కుర్చీ

కొడైకెనాల్ డైరెక్టర్ల వరస ఇదీ: మిచీ స్మిత్, ఎవర్షెడ్, రాయిడ్స్. ముగ్గురూ బ్రిటిషు దొరలే. నాలుగో పేరు ఎ.ఎల్. నారాయణ్, 1937 నుంచి 1946 దాకా. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి పదేళ్ల ముందే సూర్యుడి లెక్కలు మనవాడి చేతికొచ్చాయి. అప్పటికి ఆయన వయసు యాభై.

అప్పట్లో కొడైకెనాల్ వాతావరణ శాఖ కింద ఉండేది. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు కానీ, వానల లెక్కలు చూసే శాఖకి నక్షత్రాల మీద డబ్బు పెట్టాలనే ఉబలాటం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఆయన హయాంలో సగానికి పైగా రెండో ప్రపంచ యుద్ధం. కొత్త దుర్భిణుల మాట అటుంచి, ఉన్నవి నడవడమే పని.

సూర్యుడు మాత్రం ఆయనకి మంచి ఆటే చూపించాడు. 1937లో మచ్చలు గరిష్ఠానికి ఎక్కాయి. 1944 నాటికి దాదాపు ఖాళీ. 1946 ఫిబ్రవరికల్లా మళ్లీ ఎంత పెద్ద మచ్చల గుంపు వచ్చిందంటే, ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్ని ఈనాటికీ తలుచుకుంటారు. శిఖరం నుంచి లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతున్న సూర్యుణ్ని ఆయన తొమ్మిదేళ్ల పలకలు పట్టుకున్నాయి. నడుమ 1940 మార్చిలో వచ్చిన సౌర తుపాను అమెరికాలో టెలిగ్రాఫునీ టెలిఫోన్లనీ గంటల తరబడి మూగబుచ్చింది.

ఒక్క రంగులో సూర్యుడు

పొద్దున్నే మంచు విడగానే కొడైకెనాల్‌లో పని మొదలు. గాలి నిలకడగా ఉండేది ఆ వేళలోనే. పది దాటితే కొండ కాగి బింబం వణుకుతుంది. మామూలు కాంతిలో ఫొటో తీయడానికి వాళ్లు వాడింది ఆరంగుళాల దుర్భిణి. అది 1850 నాటిది, మద్రాసులో ఉండి కొండెక్కింది. 1918 నుంచి కటకం మార్చకుండా దాంతోనే తీస్తూ వచ్చారు. అదే కటకం కాబట్టి 1920 నాటి మచ్చనీ 1990 నాటి మచ్చనీ పక్కపక్కన పెట్టి పోల్చినా తగువుండదు. పాత సామాను మార్చకపోవడం ఇక్కడ పిసినారితనం కాదు, శాస్త్రం.

రెండో యంత్రం ఇంకా చిత్రమైంది. పేరు స్పెక్ట్రోహీలియోగ్రాఫ్. బయట తిరిగే అద్దం సూర్యకాంతిని గదిలోకి పంపుతుంది. సూర్యబింబం ఒక సన్నటి చీలిక మీద పడుతుంది. చీలికలోంచి వెళ్లిన కాంతి రంగులుగా విడిపోతుంది. రెండో చీలిక వాటిలో ఒక్క కాల్షియం గీతని, 393 నానోమీటర్ల ఊదారంగుని, మాత్రమే వదులుతుంది. ఇక జెరాక్స్ మిషన్లో వెలుగుపట్టీ జరిగినట్టు బింబం మొదటి చీలిక మీదుగా మెల్లగా జరుగుతుంటే, వెనక గాజు పలక కూడా అదే వేగంతో జరుగుతుంది. గీత పక్కన గీత చేరి పూర్తి సూర్యుడు తయారవుతాడు. ఆ బొమ్మలో సూర్యుడు నున్నటి పళ్లెంలా ఉండడు. మచ్చల చుట్టూ తెల్లటి మబ్బు ముద్దలు, అంతటా వల అల్లినట్టు గీతలు.

ఆ పలకలు వేలకొద్దీ ఉన్నాయి. ఎవరో ఒకరు రోజూ తీశారు, కడిగారు, తేదీ రాశారు, పెట్టెలో పెట్టారు. డైరెక్టరు పని ఏమిటంటే అది ఒక్కరోజు కూడా తప్పకుండా చూడటం. కొత్త తోకచుక్క కనిపెట్టినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. తొమ్మిదేళ్లు రికార్డు తెగకుండా కాచినవాడి పేరు ఎక్కదు. నా మటుకు నాకు రెండోదే కష్టమైన పని అనిపిస్తుంది.

హైదరాబాదు కుర్రాడి తోకచుక్క

తోకచుక్క మాటొచ్చింది కాబట్టి. 1946లో నారాయణ్ గారు దిగిపోయాక అనిల్ కుమార్ దాస్ వచ్చారు. ఆయన తర్వాత 1960లో ఆ కుర్చీకి వచ్చినాయనకి 32 ఏళ్లు. వేణు బప్పు. కుటుంబం కేరళలోని తలశ్శేరిది, పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి.

నిజామియాది మరో కథ. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత సరదాతో మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు తీసుకుంది. తర్వాత బేగంపేటకి మారింది. ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి పటం గీద్దామని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు వాటాలు పంచుకుంటే, హైదరాబాదు తన వాటాలో ఏడున్నర లక్షలకి పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది. బేగంపేట మీదుగా ఫ్లయిఓవర్లెక్కి పోయేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఆ ఆవరణలో పెరిగిన బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద హార్వర్డ్ వెళ్లారు. వెళ్లిన 1949లోనే జులై 2న ఫొటో పలక మీద కొత్త తోకచుక్కని పట్టుకున్నారు. దాని పేరు బప్పు–బాక్–న్యూకర్క్. భారతీయుడి పేరు మోస్తున్న తోకచుక్క. తర్వాత ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సూత్రం కనిపెట్టారు. నక్షత్రం వర్ణపటంలో కాల్షియం గీత ఎంత వెడల్పుగా ఉందో కొలిస్తే, దాని అసలు ప్రకాశం ఎంతో తేల్చవచ్చు. అసలు ప్రకాశం తెలిస్తే దూరం తెలిసినట్టే. గమనించారా, ఇది కొడైకెనాల్‌లో రోజూ ఫొటో తీసే ఆ 393 నానోమీటర్ల గీతే.

గంధపు చెట్ల మధ్య

సూర్యుడికి కొడైకెనాల్ బాగుంది కానీ రాత్రి నక్షత్రాలకి మబ్బు తక్కువున్న చోటు కావాలి. బప్పు జవ్వాది కొండల్లో గంధపు చెట్ల అడవి పక్కన కావలూరు అనే చోటు పట్టుకున్నారు. కొడైకెనాల్ వర్క్‌షాపులోనే తయారుచేసుకున్న 38 సెంటీమీటర్ల దుర్భిణితో 1968 నాటికి అక్కడ పని మొదలు. 1972లో మీటరు వ్యాసం ఉన్న దుర్భిణి వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని దాటుతుంటే చూసినవాళ్లలో కావలూరు కూడా ఉంది. ఆ రోజే యురేనస్‌కి వలయాలున్నాయని లోకానికి తెలిసింది. ఆ ఘనత ప్రధానంగా విమానంలోంచి చూసిన అమెరికా బృందానికే దక్కింది, న్యాయంగానే.

1971లో కొడైకెనాల్‌ని వాతావరణ శాఖ నుంచి విడదీసి భారత ఖగోళ భౌతిక సంస్థగా చేశారు. బెంగళూరులో ఉన్న ఐఐఏ ఇదే. లక్ష్మీనారాయణ గారు అప్పటికింకా ఉన్నారు, 1973లో పోయారు.

బప్పు అంతర్జాతీయ ఖగోళ సంఘానికి 1979లో అధ్యక్షుడయ్యారు. గుండె ఆపరేషన్ కోసం మ్యూనిక్ వెళ్లి 1982 ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. ఆయన అధ్యక్షత వహించాల్సిన మహాసభ గ్రీసులో జరుగుతున్న రోజులవి. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దుర్భిణి 1986 జనవరిలో ఆయన పేరుతో మొదలైంది.

బోటులో జీపీఎస్, సూర్యుడిలో జ్వాల

ఇదంతా కొండల మీది సంగతి, ఉప్పాడకేం పని అనుకోవద్దు. వెనకటి తరం వేటగాళ్లు వేగుచుక్క చూసి పొద్దు ఎంతుందో, పిల్లలకోడి చుక్కల గుంపు చూసి రుతువేదో చెప్పేవారు. ఇప్పుడు బోటులో జీపీఎస్ ఉంది. ఎక్కడ చేపలుండొచ్చో చెప్పే సమాచారం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ నుంచి వస్తుంది. సముద్రపు పై నీటి వేడి ఎంత, నాచు రంగు ఎక్కడుంది అని ఉపగ్రహాలు కొలిచిన లెక్క అది.

ఉపగ్రహం నుంచి బోటు దాకా వచ్చే సంకేతం దారిలో అయనోవరణం అనే పొరని దాటాలి. సూర్యుడు మండిపడిన రోజున ఆ పొర కలగాపులగమై స్థానం తప్పు చూపిస్తుంది. మనలా భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో పొద్దుగూకాక ఈ గొడవ ఇంకా ఎక్కువ. 2024 మే 10 రాత్రి వచ్చిన సౌర తుపానుకి లదాఖ్‌లోని హాన్లేలో ఎర్రటి ధ్రువకాంతి కనిపించింది. దాన్ని ఫొటోల్లో పట్టింది ఐఐఏ అబ్జర్వేటరీ కెమెరాలే. పాత వేటగాడి చుక్కకి ఈ బాధ లేదు. మబ్బు పడితే కనిపించదు తప్ప అది తప్పు చెప్పదు.

శ్రీహరికోట నుంచి కృత్రిమ గ్రహణం

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ–సీ57 ఎగిరింది. మోసుకెళ్లింది ఆదిత్య–ఎల్1ని. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన చోటికి చేరింది. అక్కడ గ్రహణాలు అడ్డురావు, రాత్రి పడదు. దానిలోని ముఖ్యమైన పరికరం వెల్క్. సూర్యబింబాన్ని లోపలే ఒక అడ్డుతో మూసి, చుట్టూ ఉండే కరోనాని చూస్తుంది. మామూలుగా సంపూర్ణ గ్రహణంలో కొన్ని నిమిషాలే కనిపించేదాన్ని రోజంతా చూపిస్తుందన్నమాట. గ్రహణం లేకుండా సూర్యుడి అంచుని చూడాలని 1868లో గుంటూరులో జాన్సెన్‌కి కలిగిన ఆశకి ఇది కొనసాగింపు.

వెల్క్ తయారుచేసింది ఐఐఏ. రోజుకి 1,440 బొమ్మలు పంపేలా, అంటే నిమిషానికొకటి లెక్కన, దాన్ని రూపొందించారు. కొడైకెనాల్ గాజు పలకల్ని కూడా ఇప్పుడు స్కాన్ చేసి కంప్యూటర్లకి ఎక్కించారు. ఆదిత్య చూపిస్తున్న సూర్యుడు మామూలుగా ఉన్నాడా, కొత్తగా ఏమైనా చేస్తున్నాడా అని తేల్చాలంటే వందేళ్ల పాత రికార్డు పక్కన పెట్టి చూడాలి. దానిలో 1937 నుంచి 1946 దాకా ఉన్న పలకలు ముక్కామల మనిషి హయాంలోవి.

చివరగా కోనసీమ, విజయనగరం వాళ్లకి ఒక మనవి. మహారాజా కళాశాలలో మీ తాతగారో ముత్తాతగారో 1920లలో ఫిజిక్సు చదివి ఉంటే, అటక మీద గ్రూపు ఫొటోలు, నోటు పుస్తకాలు, ఉత్తరాలు ఉండొచ్చు. పాత పేపర్లవాడికి వేసే ముందు ఒకసారి దులిపి చూడండి. అప్పద్వేదుల లక్ష్మీనారాయణ పేరు కనిపిస్తే వాటిని దగ్గరలోని కళాశాల భౌతికశాస్త్ర శాఖకి చూపించండి.